డిస్కుకి చలి పడదు

గాష్పర్ గారి దృష్టిలో కంప్యూటర్లో ఉండే లెక్కలకీ, పెట్టెలో ఉండే తేనెటీగలకీ ఏమీ తేడా లేదు. రెండింటికీ చలి పడదు. ఏదైనా సరే మొత్తం ఒకేచోట ఉంచకూడదు. రెండింటినీ అప్పుడప్పుడూ వెళ్ళి పలకరించి రావాలి, లేకపోతే అలిగి పోతాయి. ఆయన గురించి ఈ ఒక్క ముక్క చెబితే చాలు, ఆ లోయలో ఎవరైనా సరే "ఓ, ఆయనా" అని నవ్వి, మీకో కాఫీ పోసి కూర్చోబెట్టి, తమకి తెలిసిన కథ ఇంకోటి ఎత్తుకుంటారు.

స్లోవేనియా కొండల్లో ఆయనది రాణి ఈగల వ్యాపారం. రాణుల్ని పెంచి, అగ్గిపెట్టెంత డబ్బాల్లో పెట్టి, దేశదేశాలకి పోస్టులో పంపిస్తారు. ఏ రాణి ఏ రాణి కూతురు, ఎవరి మనవరాలు, ఎవరిది సాధు స్వభావం, ఎవరి పిల్లలు ఊరికే కుడతారు, అంతా వంశావళి. పెళ్ళిళ్ళ పేరయ్య దగ్గర కూడా అంత వివరం ఉండదు. వంశావళి ఉంటేనే రాణి, లేకపోతే అది పోస్టు ఖర్చులకి కూడా చాలని మామూలు ఈగ.

ఆ వంశావళంతా కంప్యూటర్లో ఎక్కించడానికీ, ఆర్డర్లు చూడడానికీ పొలోనా కొలువులో చేరింది. లుబ్లియానాలో బీమా కంపెనీలో పనిచేసి వచ్చిన పిల్ల. క్రమం, పద్ధతీ ఉన్న మనిషి. చేరిన వారంలోనే అడగకూడని ప్రశ్న అడిగింది.

"గాష్పర్ గారూ, మన బ్యాకప్ ఎక్కడుంది?"

"ఏ బ్యాకప్పు? ఎండదా, నీడదా?"

"అంటే?"

"ఒకటి ఈగల కొట్టంలో ఉంటుంది, అది ఎండది. ఒకటి ఫైర్ స్టేషన్లో ఉంటుంది, అది నీడది. ఇంకోటి టీచరమ్మ గారింట్లో పెరుగుతోంది."

పెరుగుతోందన్న మాట దగ్గరే పొలోనా బుర్ర ఆగిపోయింది. నోటిదాకా వచ్చిన ప్రశ్నలు మూడు నాలుగు ఉన్నాయి గానీ ఏది ముందడగాలో తెలియలేదు. చివరికి "వీటిలో కొత్తది ఏది?" అంది.

"మూడూ కొత్తవే. మూడూ కొట్లో కొన్నవే."

"అది కాదండీ. చివరిగా దేంట్లోకి కాపీ చేశారు?"

ఆయన మీసం నిమురుకుని కిటికీలోంచి కొండకేసి చూశారు. "అది ఆ రోజు ఏ దారిన వెళ్ళానన్న దాన్ని బట్టి ఉంటుందమ్మాయ్" అన్నారు.

తేనెపెట్టెలో డిస్కు పెట్టిన ఘనత ప్రపంచంలో ఈయన ఒక్కరిదే అయ్యుండాలి. అందులో ఆయన తర్కం ఆయనకుంది. దొంగ ఇంట్లో బీరువా తెరుస్తాడు గానీ, ఈగలున్న పెట్టెలో చెయ్యి పెట్టడు కదా. నిజమే, దొంగ పెట్టలేదు. కానీ ఈగలు తమ ఇంట్లో పరాయి వస్తువు కనబడితే ఊరుకోవు. మోయలేనంత పెద్దదైతే దానిమీద జిగురు పూసి గోడకి అతికించేస్తాయి. వేసవి చివర చూసేసరికి డిస్కు గోధుమరంగు పట్టి, పెట్టెలో ఒక భాగమైపోయి కూర్చుంది. ఇంకొకరైతే తల పట్టుకునేవారు. గాష్పర్ గారు పొంగిపోయారు. "చూశావా, అవి కూడా దాన్ని తమదే అనుకున్నాయి" అన్నారు.

పొలోనా చిలక్కి చెప్పినట్టు చెప్పి చూసింది.

"ఇదంతా ఎందుకు గాష్పర్ గారూ, ఇంటర్నెట్లో పెట్టేద్దాం. రోజూ దానంతటదే కాపీ అవుతుంది. వాళ్ళే చూసుకుంటారు."

"వాళ్ళంటే ఎవరు?"

"ఒక కంపెనీ వాళ్ళు. ఐర్లాండులోనో, ఇంకెక్కడో ఉంటారు."

"ఇంకెక్కడో అంటే? తోడు లేకుండా నా ఆడపిల్లల్ని ఇంకెక్కడికో తోలేస్తావా?"

"పెద్ద పెద్ద గదులుంటాయండీ. కాపలా ఉంటుంది. చల్లగా ఉంచుతారు."

"చల్లగానా?" ఆయన మొహం పాలిపోయింది. "డిస్కుకి చలి పడదమ్మాయ్."

"చలి పడుతుందండీ. వేడే పడదు. ఎవర్నైనా అడగండి."

"నువ్వు ఎన్నాళ్ళనుంచి పెంచుతున్నావు డిస్కుల్ని?"

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో వాదన పెట్టుకుంటే మనకే ఒక కాలు తగ్గినట్టుంటుంది. పొలోనా నోరు మూసుకుంది, కానీ మనసు మూసుకోలేదు. ముఖ్యంగా శుక్రవారం వచ్చిందంటే ఆ పిల్లకి ఒళ్ళు మండేది.

ఎందుకంటే ప్రతి శుక్రవారం ఈయన కొత్త కాపీ తీయించి, డిస్కుని ఉన్ని మేజోడులో చుట్టి, కోటు లోపలి జేబులో గుండెకి ఆనించి పెట్టుకుని, వ్యాను నిండా చీల్చిన కట్టెలు ఎక్కించుకుని కొండమీదికి బయల్దేరేవారు. అక్కడ ఒటీలియా అని రిటైరైన టీచరమ్మ ఒంటరిగా ఉంటుంది. చిన్నప్పుడు ఈయనకి చదువు చెప్పిన మనిషి. ఆవిడ డిస్కుని ఇంట్లో ఉంచుకుంటుందట. ఉంచుకున్నందుకు అద్దె, ఆ కట్టెలు.

"చీట్లపేకంత డిస్కుకి వ్యానెడు కట్టెలా?" అంది పొలోనా ఓసారి.

"వెచ్చగా ఉంచాలిగా మరి. కట్టెల్లేకుండా పొయ్యెలా మండుతుంది?"

ముసలావిడ ఎవరో గానీ ఈ అమాయకుణ్ణి నిలువునా దోచేస్తోందని పొలోనా తీర్మానించుకుంది. సమయం వస్తే ఆవిడ మొహం మీదే అడగాలని కూడా నిశ్చయించుకుంది. ఆ సమయం మార్చి నెలలో, ఇంకా మోకాలి లోతు మంచు ఉండగానే వచ్చింది.

చలికాలంలో తేనె గడ్డకడుతుంది. గడ్డకట్టిన తేనెని మరిగించకూడదు, నిదానంగా వెచ్చబెట్టి కరిగించాలి. ఆ లోయలో ఎవరింట్లో చూసినా గోరువెచ్చటి వస్తువు మీద ఒక తేనె సీసా కూర్చుని ఉంటుంది. గాష్పర్ గారికి ఆఫీసులో గోరువెచ్చటి వస్తువంటే కంప్యూటరే కనబడింది. పైన సన్నటి కంతల్లోంచి ఎంత బాగా వేడి గాలి వస్తోందో అని మెచ్చుకుని, పెద్ద సీసా తెచ్చి సరిగ్గా ఆ కంతల మీద పెట్టారు. మూత మాత్రం సరిగ్గా బిగించలేదు. ఆ తర్వాత పిల్లి వచ్చింది.

గురువారం మధ్యాహ్నం పొలోనా భోజనం చేసి వచ్చేసరికి సీసా పక్కకి ఒరిగి ఖాళీగా ఉంది. కంప్యూటర్ కింది నుంచి తేనె సన్నగా కారుతోంది. తెర నల్లగా ఉంది. పిల్లి బల్ల కాలు నాకుతోంది.

ఇందులో నవ్వుకునేది అంతవరకే. సోమవారం పొద్దున పెంపకందార్ల సంఘం నుంచి తనిఖీ అధికారి వస్తాడు. వంశావళి చూపిస్తే ఈ ఏడాదికి రాణులు అమ్ముకునే అనుమతి ముద్ర పడుతుంది. చూపించకపోతే లేదు. ముద్ర లేకపోతే వేసవి అంతా ఒక్క రాణి కూడా గడప దాటదు. గాష్పర్ గారి వ్యాపారం, పొలోనా కొలువు, కొట్టంలో పనిచేసే ఇద్దరి జీతాలు, అన్నీ అందులోనే ఉన్నాయి.

గాష్పర్ గారు మాత్రం కుర్చీలో వెనక్కి వాలారు. "కంగారెందుకు, మూడున్నాయిగా" అన్నారు.

శుక్రవారం పొద్దున్నే వేట మొదలైంది. ముందు ఈగల కొట్టం. గాష్పర్ గారు పెట్టెకి చెవి ఆనించి, లోపల్నుంచి వచ్చే సన్నటి మూలుగు విని, తృప్తిగా తలాడించి, చేతులు జేబుల్లో పెట్టుకున్నారు.

"తీయండి మరి" అంది పొలోనా.

"ఇప్పుడా? ఈ చలిలో పెట్టె తెరిస్తే చచ్చిపోవూ పాపం. ఏప్రిల్ రానీ."

"తనిఖీ సోమవారం అండీ."

"ఆయన్ని ఏప్రిల్లో రమ్మందామా?"

వసంతకాలంలో మాత్రమే తెరుచుకునే బ్యాకప్ గురించి బీమా కంపెనీలో ఎవరూ ఆ పిల్లకి నేర్పలేదు. ఈగల్ని చంపి లెక్కలు తీసే రకం కాదాయన, ఆ సంగతి తెలుసు. నిట్టూర్చి వ్యాను ఎక్కింది.

ఫైర్ స్టేషన్ రెండో చోటు. ఊరంతా కాలినా అదొక్కటే కాలదని ఆయన నమ్మకం. స్వచ్ఛందంగా మంటలార్పే ఊరి కుర్రాళ్ళకి నాయకుడు లోవ్రో, బొజ్జా, నవ్వు మొహం ఉన్న మనిషి. డిస్కు మాట ఎత్తగానే మొహం ఇంకా వెలిగింది.

"ఉందండీ గాష్పర్ గారూ, భద్రంగా ఉంది. దేవుడిచ్చినట్టు ఎంత పనికొచ్చిందో."

పనికొచ్చిందా అని పొలోనా గుండె జారింది. తను తెచ్చిన లాప్‌టాప్‌కి డిస్కు తగిలించింది. లోపల వంశావళి లేదు. అకార్డియన్ పాటలున్నాయి. ఒకటి కాదు, ఊరి వేసవి తిరనాళ్ళలో తెల్లార్లూ గెంతడానికి సరిపడా ఉన్నాయి.

"ముందు దీంట్లో ఏవో ఆడవాళ్ళ చుట్టరికాలు, అంకెలు ఉండేవి" అన్నాడు లోవ్రో. "పాటలకి చోటు చాలక తీసేశాం. ఇది నకలే కదా, అసలు మీ ఇంట్లో ఉంటుంది కదా అని."

"సరైన మాటే" అన్నారు గాష్పర్ గారు, కోపగించుకోకుండా. పైగా ఒక పాట విని, బావుందన్నారు కూడా.

పొలోనా ఆ గ్యారేజీ చుట్టూ చూసింది. పైకప్పు నుంచి లోపలికే మంచు ముళ్ళు వేలాడుతున్నాయి. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. డిస్కు ఇన్నాళ్ళూ గోడకి మేకు కొట్టి తగిలించిన ఒక ఇనుప హెల్మెట్‌లో ఉంది.

"గాష్పర్ గారూ, డిస్కుకి చలి పడదన్నారు కదా. మరి దీనికో?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "ఇది... ఇది చలికి అలవాటు పడ్డ డిస్కు" అన్నారు.

ఈ మనిషికి మతి పూర్తిగా పోయిందా, లేక తనకే పోతోందా అని ఆ పిల్లకి నిజంగా అనుమానం వచ్చింది. "ఇక మిగిలింది టీచరమ్మ గారొక్కరే" అని గొణిగింది.

"కొండమీది టీచరమ్మా?" లోవ్రో దండం పెట్టేశాడు. "ఆవిడ జోలికి నేను రాను. రెండేళ్ళ కిందటి చలికాలం ఆవిడింట్లో పొయ్యి రాజెయ్యట్లేదని తెలిసి మా కుర్రాళ్ళం కట్టెలు మోసుకెళ్ళి పడేశాం. నేనేమైనా బిచ్చమెత్తుకున్నానా అని, మొత్తం మా చేతే తిరిగి వ్యాను ఎక్కించింది. అదీ వరసలు వంకర పోయాయని రెండుసార్లు పేర్పించింది. ఊరికే ఇస్తే పుల్లముక్క పుచ్చుకోదు ఆ మహాతల్లి."

పొలోనా గాష్పర్ గారికేసి చూసింది. ఆయన అప్పటికే వ్యాను దగ్గరికి వడివడిగా నడుస్తున్నారు.

కొండ ఎక్కుతున్నంతసేపూ ఆయన మామూలుగా లేరు. రెండుసార్లు గేరు తప్పు వేశారు. సగం దారిలో అన్నారు, "అమ్మాయ్, అక్కడ నువ్వు ఎక్కువ మాట్లాడకు."

"ఎందుకండీ?"

"ఆవిడ టీచరు. ప్రశ్నలడుగుతుంది."

"అడిగితే జవాబు చెబుతాను. నాకేం భయం?"

"అదే నా భయం" అన్నారాయన. పొలోనాకి ఏమీ అర్థం కాలేదు.

ఒటీలియా టీచరమ్మ తలుపు తెరిచింది. ఎండు చువ్వలా నిటారుగా ఉంది. ఆవిడ చూపు ముందు పడింది మనుషుల మీద కాదు, కాళ్ళ మీద.

"ఒరేయ్ గాష్పర్, బూట్లు."

అరవై దాటిన మనిషి, మీసాలున్న మనిషి, ఒకటో తరగతి కుర్రాడిలా వంగి బూట్లు విప్పి, గుమ్మం పక్కన పెట్టిన ఇంటి చెప్పుల్లో కాళ్ళు దూర్చారు. పొలోనా కూడా దూర్చింది.

వంటింట్లోకి అడుగు పెట్టగానే వెచ్చటి గాలి మొహాన తగిలింది. మూల పెద్ద మట్టి పొయ్యి, దాని చుట్టూ అరుగు. అరుగు మీద లేసు అల్లిన గుడ్డ. దాని మీద డిస్కు, పూజలో విగ్రహంలా. పైన గోడకి థర్మామీటరు.

"ఇరవై డిగ్రీలు" అంది టీచరమ్మ. "వాడు చెప్పినట్టే. రాత్రి పద్ధెనిమిదికి తగ్గనివ్వను. నాకోసమైతే ఈ దండగంతా ఎందుకు, దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది. పరాయివాళ్ళ సొత్తు కాబట్టి తప్పదు."

పొలోనా డిస్కు తగిలించింది. తెర మీద పేర్లు బారులు తీరాయి. రాణులు, వాళ్ళ తల్లులు, అమ్మమ్మలు, వాళ్ళ గుణగణాలు, పోయిన శుక్రవారం దాకా ఒక్కటి కూడా పోలేదు. వారం వారం వచ్చి మార్చిన కాపీ ఇదొక్కటే. ఆ పిల్ల ముఖం చేతుల్లో దాచుకుని కాసేపు అలాగే కూర్చుంది. గాష్పర్ గారు అటు తిరిగి ముక్కు చీదుకున్నారు.

"ఏడుపెందుకు, ముందు చెయ్యి కడుక్కో, తిందువుగాని" అంది టీచరమ్మ, అక్రోటు గింజల రొట్టె కోస్తూ. "నడవ చివర, పడగ్గది దాటాక."

వంటింటి తలుపు దాటగానే పొలోనా నోట్లోంచి పొగ వచ్చింది. పడగ్గది తలుపు వారగా తెరిచి ఉంది. కిటికీ అద్దం లోపలివైపు మంచు పువ్వులు పూసింది. మంచం మీద మూడు దుప్పట్లు, వాటి మీద ఒక ఉన్ని కోటు, దిండు పక్కన ఒక టోపీ. మూల చిన్న ఇనప పొయ్యి ఉంది. అందులో బూడిద కూడా లేదు.

అక్కడే నిలబడిపోయింది ఆ పిల్ల. హెల్మెట్లో చలికి అలవాటు పడ్డ డిస్కు, ఊరికే ఇచ్చారని తిరగ్గొట్టిన కట్టెలు, ఉన్ని మేజోడు, అద్దె, అన్నీ ఒక్కసారిగా ఒక వరసలోకి వచ్చి కూర్చున్నాయి. డిస్కుకి చలి పడదట. ఎంత గడుసు మనిషి. ఇన్నాళ్ళూ ఎంత మాట అనుకుందో తలుచుకుంటే సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

తిరిగి వంటింట్లోకి వచ్చేసరికి టీచరమ్మ చేతులు కట్టుకుని ఎదురుచూస్తోంది.

"అమ్మాయ్, నువ్వు ఈ చదువే చదివావట కదా. ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. ఈ వస్తువుకి నిజంగా వేడి కావాలా? నాకెందుకో అనుమానంగా ఉంది. అక్కర్లేదంటే ఇవాళే పొయ్యి ఆర్పేస్తాను. పనికిరాని పనికి అద్దె తినేదాన్ని కాదు నేను."

గాష్పర్ గారు తన ఇంటి చెప్పులకేసి చూసుకుంటున్నారు. ఆయన చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

చలికాలమంతా పొలోనా నాలుక చివర సిద్ధంగా ఉన్న జవాబు అది. డిస్కుకి చలే మంచిదని ఎన్నిసార్లు చెప్పలేదు.

"కావాలండీ" అంది. "కానీ మీరు ఒక పెద్ద తప్పు చేస్తున్నారు."

"నేనా? తప్పా?" టీచరమ్మ జీవితంలో ఆ మాట ఎవరి నోటా విన్నట్టు లేదు.

"కాపీ ఎప్పుడూ ఒక్కటి ఉండకూడదు. రెండుండాలి. రెండూ ఒకే గదిలో ఉండకూడదు. ఇది మా చదువులో మొదటి పాఠం. రెండోది మీ పడగ్గదిలో పెట్టాలి. దానికీ ఇరవై డిగ్రీలు. ముఖ్యంగా రాత్రిపూట."

ఇక్కడ గాష్పర్ గారు నోరు తెరిచారు. జన్మలో మొదటిసారి ఆయనకి బ్యాకప్ గురించి ఒక సరైన ఆలోచన రావాలా, అది కూడా అప్పుడే రావాలా.

"ఒకే ఇంట్లో రెండెందుకమ్మాయ్? ఇల్లంటుకుంటే రెండూ పోతాయి కదా. వేరే ఊళ్ళో పెడితే..."

"గాష్పర్ గారూ," అంది పొలోనా, "మీకు తెలియదు. మీరు ఊరుకోండి."

ఆయన ఊరుకున్నారు. పొలోనా మొహంలోకి చూశారు, వారగా తెరిచి ఉన్న నడవ తలుపుకేసి చూశారు. ఇన్ని శుక్రవారాలు వచ్చి, టీచరమ్మ పడగ్గదికేసి కన్నెత్తి చూసే ధైర్యం ఆయనకి ఏనాడూ లేదు. మెల్లగా ఆయన మీసం కింద ఏదో కదిలింది.

"అవును, నిజమే" అన్నారు గొంతు పెంచి. "ఈ మధ్య అలాగే చేస్తున్నారట. జర్మనీలో కూడా."

"మరి ముందే ఎందుకు ఏడవలేదురా?" అంది టీచరమ్మ.

"ఇప్పుడు ఏడుస్తున్నాను కదండీ. రెండు గదులన్నాక అద్దె కూడా రెండు వ్యాన్లు."

"రెండు కుదరదు. పడగ్గది పొయ్యి చిన్నది. ఒకటిన్నర."

"రెండు, టీచరమ్మ గారూ. మీరు ఒప్పుకోకపోతే రెండో డిస్కు ఫైర్ స్టేషన్లో పెట్టేస్తాను."

"ఆ గెంతులేసే వెధవల దగ్గరా?" టీచరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "సరే, అలాగే ఏడువు. రెండు వ్యాన్లే. కానీ వరస తిన్నగా పేర్చు."

వ్యానులో తెచ్చిన కట్టెలు ఆయన అరగంట పేర్చారు. టీచరమ్మ కిటికీలోంచి రెండుసార్లు విప్పించింది. పొలోనా ఇనప పొయ్యి రాజేసి, పక్కనే బల్ల మీద లేసు గుడ్డ పరిచి, బ్యాగులోంచి ఖాళీ డిస్కు ఒకటి తీసి, కాపీ ఎక్కించి దాని మీద పెట్టింది. అసలు సంగతి, ఆ రోజు సాయంత్రమే వంశావళంతా ఐర్లాండుకి కూడా చేరింది. గాష్పర్ గారే పంపమన్నారు, అక్కడ చలిలో దానికి ఏమైనా అయితే పూచీ నీదే అన్న షరతు మీద.

సోమవారం తనిఖీ అధికారి వచ్చాడు. సన్నటి మీసాలు, కళ్ళజోడు. వంశావళిలో ఒక్కొక్క రాణినీ చూసుకుంటూ పోతున్నాడు. ముద్ర వేయడానికి చెయ్యి ఎత్తాడో లేదో ఫోన్ మోగింది. పొలోనా తీసింది. అవతల టీచరమ్మ, నమస్కారం కూడా లేకుండా మొదలుపెట్టింది.

"పడగ్గదిలో డిస్కు సంగతి చెబుదామని చేశాను. మూడు రాత్రులైంది కదా."

"ఎలా ఉందండీ?"

అవతల గొంతు కాస్త మెత్తబడి వినిపించింది.

"బాగా నిద్రపడుతోంది దానికి. ఎన్నాళ్ళయిందో ఇలా నిద్రపోయి. పొద్దున ఏడు దాకా లేవనేలేదు. వాడికి చెప్పు."

ఫోన్ పెట్టేసింది. ఆవిడకి ఎంత తెలుసో, ఎప్పట్నుంచి తెలుసో పొలోనాకి ఏమీ అంతుబట్టలేదు. గాష్పర్ గారు ఆత్రంగా చూస్తున్నారు. తనిఖీ అధికారి ముద్ర గాల్లోనే పట్టుకుని ఎవరు ఫోన్లో అన్నట్టు కనుబొమ్మలెత్తాడు.

"మా బ్యాకప్ అండీ" అంది పొలోనా. "రాత్రి బాగా నిద్రపోయిందట."

ఆయన ఆ పిల్లని చూశాడు, గాష్పర్ గారిని చూశాడు, ఇక్కడ ఇంకేం అడిగినా ఇంతే అనుకున్నాడేమో, గబగబా ముద్ర వేసేశాడు.